పడవ ఒరిగే పక్క

పడవ ఎందుకు తేలుతుందో స్కూల్లోనే చెబుతారు. ఎందుకు తిరగబడుతుందో తెలుసుకోవడానికి మాత్రం ఒక ఉద్యోగం కావాలి. ముప్ఫై ఏళ్ళకు పైగా నేను చేసింది ఆ ఉద్యోగమే. విశాఖలో ఓడలు కట్టే ఒక యార్డులో డిజైనర్‌గా చేరి, అక్కడి డిజైన్ ఆఫీసుకే హెడ్‌గా రిటైరయ్యాను. మధ్యలో వచ్చిన ప్రమోషన్ల గురించి రాయను. అవి ఎలా వస్తాయో, ఎలా రావో చేరిన ఏడాదిలోనే మీకు తెలిసిపోతుంది.

ఇప్పుడు ఏలూరు పక్కనున్న వట్లూరులో ఉంటున్నాం. మా వీధి చివర ఇంజనీరింగ్ అమ్మాయిల హాస్టల్ ఉంది. అందులో ఉండే గ్రేస్ అనే అమ్మాయి మా గేటు మీద నా పేరు కింద ఉన్న 'షిప్ డిజైనర్' అన్న మాట చూసి ఒక సాయంత్రం లోపలికి వచ్చింది.

"మేడమ్, మీరు షిప్పుల్లో ఇంటీరియర్స్ చేస్తారాండీ? కర్టెన్లూ అవీ?" అని అడిగింది.

ముందు నవ్వొచ్చింది, తరువాత కోపమొచ్చింది, ఆ తరువాత కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను. రెండేళ్ళు మా ఇంటికి వస్తూ పోతూ ఇప్పుడా అమ్మాయి పైచదువుకి ఓడల డిజైనే తీసుకుంది. చేరబోయే ముందు, "పుస్తకాల్లో ఉన్నది నేను చదువుకుంటానండీ, లేనిది మీరు రాసివ్వండి" అంది. అందుకే ఈ రాత, ఆ అమ్మాయికీ, ఈ పనిలోకి వచ్చే మిగతావాళ్ళకీ.

కింద కూర్చోండి

మా నాన్నగారు ఏలూరులో లెక్కల మాస్టారు. అమ్మ పుట్టిల్లు కొల్లేటి లంకల్లో ఒక ఊరు. ఇప్పుడు ఆ ఊరికి కారు వెళుతుంది, దారి పొడవునా చేపల చెరువుల గట్లే. నా చిన్నప్పుడు రేవు దాకా బస్సు, అక్కణ్ణుంచి పడవ.

ఫాల్గుణంలో అక్కడ అమ్మవారి జాతర జరుగుతుంది. అమ్మవారిని పూలు కట్టిన పడవ మీద సరస్సులో ఊరేగిస్తారు. ఆ పడవ ఎదురైనప్పుడు భక్తుల పడవల్లో ఉన్నవాళ్ళంతా లేచి, ఆ పక్కకి వెళ్ళి, పసుపూ కుంకుమా ఒక రూపాయి బిళ్ళా నీళ్ళలో వేసి దణ్ణం పెట్టుకోవాలి. కూర్చుని దణ్ణం పెడితే అమ్మవారిని లెక్కచేయనట్టే. అదీ మా వైపు ఆచారం.

మా అమ్మ మాత్రం నన్నూ తమ్ముణ్ణీ పడవ అడుగున కూర్చోబెట్టి భుజాలు నొక్కి పట్టుకునేది. "లేవకండి. కింద కూర్చోండి. దణ్ణం అక్కణ్ణుంచే పెట్టుకోండి, తల్లేం అనుకోదు" అనేది. చుట్టూ అందరూ లేచేవారు. నాకు చీరల కుచ్చిళ్ళు, పంచెల అంచులు, తడిసిన పాదాలు కనిపించేవి. బాజాలు వినిపించేవి. అమ్మవారి పడవ మాత్రం ఒక్కసారీ కనిపించలేదు. ఇంటికొచ్చాక తోటి పిల్లలు దానికి ఎన్ని పూలదండలు వేశారో చెప్పుకుంటుంటే నాకు ఏడుపొచ్చేది.

కారణం పెద్దదాన్నయ్యాక తెలిసింది. అమ్మకి సీత అని ఒక చెల్లెలుండేది. పెళ్ళి కుదిరాక, ఆ పెళ్ళి జరగకముందే జాతర పడవ తిరగబడి చనిపోయింది. ఆ రోజు గాలి లేదు, వాన లేదు, పడవకి చిల్లు లేదు. అమ్మవారు ఎడమపక్కన వచ్చింది, పడవలో జనమంతా ఎడమపక్కకి లేచారు, అంతే. అమ్మ వెనక పడవలో ఉండి అంతా చూసింది.

ఇది చదివి, పిన్ని కోసమే నేను ఓడల చదువు చదివానని అనుకోకండి. మార్కులొచ్చాయి, విశాఖలో సీటొచ్చింది, హాస్టల్ మేడ మీద నుంచి సముద్రం కనిపిస్తుందన్నారు, చేరిపోయాను. క్లాసులో ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఒక వృత్తిలోకి రావడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు. అందులో గట్టిగా నిలబడాల్సిన రోజున మాత్రం ఒక కారణం కావాలి, నాకది చాలా ఏళ్ళ తరువాత అవసరమైంది.

పాలరాతి పూజగది

నా మొదటి బాసు నరసింహంగారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం యార్డు అవతలి గేటు దాకా వినిపించేది. నేను చేరిన మొదటి వారంలో నాకు ఆయన చెప్పింది ఒక్కటే. "బరువు ఓడలోకి దొంగతనంగా రాదమ్మా. ప్రేమగా వస్తుంది. దాన్ని కనిపెట్టడమే నీ పని."

నిజమే. కెప్టెన్ సుఖంగా పడుకోవాలని ఒకరు టేకు మంచం వేయిస్తారు. వంటవాడు పాపం ఇబ్బంది పడుతున్నాడని ఇంకొకరు పెద్ద ఫ్రిజ్ పెట్టిస్తారు. మంచినీళ్ళకి లోటుండకూడదని మరొకరు కప్పు మీద ట్యాంకు కట్టిస్తారు. ఎవరిదీ చెడ్డబుద్ధి కాదు, కానీ ఇవన్నీ పైపైనే చేరతాయి. ఓడకి బరువు ఎంతన్నది ఒక ప్రశ్న, అది ఎంత ఎత్తులో ఉందన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. చంకలో నీళ్ళ బిందెతో గట్టు మీద నడిచే మనిషిని అదే బిందె నెత్తిన పెట్టుకుని నడవమనండి. బిందె అదే, నీళ్ళు అవే, నడక మాత్రం మారిపోతుంది.

ఓడల్ని లాగే చిన్న టగ్గు ఒకటి మా దగ్గర కట్టించుకున్న యజమాని, అంతా అయిపోయే సమయానికి వచ్చి స్టీరింగు గదికి పైన పాలరాతితో పూజగది కావాలన్నాడు. నరసింహంగారు కుదరదన్నారు. యజమాని మా మేనేజ్‌మెంటు దగ్గరికి వెళ్ళాడు. మేనేజర్లు బుజ్జగించడానికి మా గదికి వచ్చారు.

"దేవుణ్ణి ఇంజను గది పక్కకి దించండి" అన్నారు నరసింహంగారు. "ఆయన ఎక్కడున్నా దేవుడే. పాలరాయి మాత్రం పైనుంటే ప్రమాదం, కిందుంటే మంచిది."

దించారు. యజమాని కొన్నాళ్ళు అలిగి, చివరికి కింద గదిలోనే కొబ్బరికాయ కొట్టాడు.

నరసింహంగారు నన్ను తిట్టని వారం లేదు. నా డ్రాయింగు బల్ల మీద నుంచి తీసి కింద పడేసిన రోజులున్నాయి. కానీ తన కింద పనిచేసేవాళ్ళని పైవాళ్ళ ముందు ఒక్కసారీ వదిలేయలేదు. ఆయన తరువాత వచ్చిన బాసు చాలా తీయగా మాట్లాడేవాడు. ఏది అడిగినా "చూద్దామమ్మా" అనేవాడు. మీకో మాట సూటిగా చెబుతాను. తిట్టే బాసు దగ్గర పని నేర్చుకోవచ్చు. 'చూద్దాం' అనే బాసు దగ్గర ఏదైనా బెడిసికొడితే కాగితం మీద మీ సంతకం తప్ప ఇంకెవరిదీ కనిపించదు. ఆ రెండో రకం బాసు కింద పడితే వీలైనంత త్వరగా వేరే సెక్షనుకి మారిపోండి.

ఫోటో

కట్టిన ప్రతి ఓడకీ ఒక పరీక్ష చేస్తాం. దాన్ని నిలకడ నీళ్ళలో పెట్టి, లోపల పైనుంచి తూకం గుండు వేలాడదీస్తాం, తాపీమేస్త్రీలు గోడ నిటారుగా ఉందో లేదో చూసుకునేలాంటిదే. తరువాత డెక్కు మీద తెలిసిన బరువుల్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మారుస్తాం. ఓడ ఒరుగుతుంది, గుండు జరుగుతుంది. ఎంత జరిగిందో కొలిస్తే ఆ ఓడకి తిరిగి లేచే బలం ఎంతుందో తెలుస్తుంది. ఎంత పెద్ద కంప్యూటరున్నా ఈ పరీక్ష తప్పదు, ఎందుకంటే కంప్యూటరుకి ఆ టేకు మంచం సంగతి తెలియదు.

ఒక రిజర్వాయరులో యాత్రికుల్ని గుడికి తీసుకెళ్ళే లాంచీ కట్టాం. మనుషుల బదులు ఇసుక మూటలు సీటుకొకటి పెట్టి పరీక్షించాం. చక్కగా నిలబడింది. ప్రారంభోత్సవం రోజున పెద్దలంతా ఎక్కారు. రిబ్బను కత్తిరించే సమయానికి ఒడ్డు మీది ఫోటోగ్రాఫరు, "అందరూ ఒకసారి ఇటు రండి సార్!" అన్నాడు. అందరూ ఇటు వచ్చారు. లాంచీ ఎంతగా ఒరిగిందంటే రిబ్బనూ కత్తెరా పెట్టిన వెండి పళ్ళెం జారి నీళ్ళలో పడింది. ఇద్దరు ముగ్గురు రెయిలింగు పట్టుకుని వేలాడారు. అది మళ్ళీ లేచింది, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోటో మాత్రం బాగా రాలేదు.

మర్నాడు నరసింహంగారు మా అందర్నీ నిలబెట్టి, "తప్పు నాది" అన్నారు. "ఇసుక మూట లేచి నిలబడదు. ఇసుక మూటకి ఫోటో అక్కర్లేదు. నేను పడవకి సరిపడా లెక్క వేశాను, మనిషికి వేయలేదు."

అప్పటి నుంచి మా యార్డులో ఒక పద్ధతి వచ్చింది. మనుషులెక్కే ఏ పడవైనా, ఇసుక మూటల పరీక్ష అయ్యాక డిజైన్ ఆఫీసంతా లైఫ్ జాకెట్లు వేసుకుని ఎక్కాలి. నరసింహంగారు ఒడ్డు మీద నిలబడి "ఫోటో!" అని అరుస్తారు. మేమంతా ఒకే పక్కకి పరిగెత్తాలి. దాన్ని గీసినవాళ్ళు అందరికన్నా ముందు, రెయిలింగు పక్కన నిలబడాలి. "జనం ఏ పక్కకి పోతారో ఆ పక్కన నిలబడే ధైర్యం నీకుంటేనే సంతకం పెట్టు" అనేవారు. నేను గీసిన ప్రతి పడవకీ అలాగే నిలబడ్డాను. భయం వేసిన సందర్భం లేదు, ఎందుకంటే భయం వేసే పడవని అంతదాకా రానిచ్చేదాన్ని కాదు.

ఇంట్లోవాళ్ళు

మావారిది తాడేపల్లిగూడెం. వాళ్ళది ఉల్లిపాయల కమిషన్ వ్యాపారం. మావారు మాత్రం బ్యాంకులో చేరి, నా ఉద్యోగం కోసం విశాఖకి ట్రాన్స్‌ఫర్ చేయించుకున్నారు. ఆ రోజుల్లో పెళ్ళాం ఉద్యోగం కోసం మొగుడు ఊరు మారడమంటే గూడెంలో నెలరోజులు చెప్పుకున్నారు. ఓడ నీళ్ళలోకి దించే రోజుల్లో నేను ఇంటికి వచ్చేసరికి ఆయన పప్పుచారు పెట్టి ఉంచేవారు. ఆయన పప్పుచారులో ఉల్లిపాయలు మరీ ఎక్కువ, అది పుట్టుకతో వచ్చింది. మా ఒక్కగానొక్క అమ్మాయి పళ్ళ డాక్టరు. దానికి పడవెక్కితే వాంతులు. నా చదువు ఇంట్లో ఎవరికీ అంటలేదు.

మా అత్తయ్యగారికి నా పని ఏమిటో చాలాకాలం అర్థం కాలేదు. "మా పెద్దకోడలు ఓడలు గీస్తదండీ" అని చుట్టాలతో చెప్పేవారు, ముగ్గులు వేస్తానన్నట్టుగా. అయినా ఆవిడకి నేనంటే లోపల గర్వమే. మా మధ్య మాటా మాటా వచ్చింది ఒక్కసారే, అదీ నేను రిటైరయ్యాక, మా మరిది సూరిబాబు పడవ గురించి.

ఉయ్యాల

వ్యాపారం మావారి తమ్ముడు సూరిబాబు చేతికొచ్చింది. మనసున్న మనిషి, ఆలోచన వస్తే ఆగలేడు. గోదావరి మీద తిరిగిన పాత ఇనప లాంచీ ఒకటి కొన్నాడు. దాన్ని బాగుచేయించి, చలికాలం కొల్లేటిలో పక్షుల్ని చూసేవాళ్ళకీ, ఫాల్గుణంలో జాతర జనానికీ తిప్పుదామని. కొల్లేటి నీళ్ళు సముద్రానికి పోయే ఉప్పుటేరు గట్టు మీద ఒక షెడ్డులో పని చేయించాడు. నాకు చెప్పలేదు, అంతా అయ్యాక చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు.

ఆశ్చర్యపోయాను. లాంచీ మీద ఇంకో అంతస్తు లేచింది. ఇనప స్తంభాలు, చెక్క నేల, వరుసగా సీట్లు, పైన రేకు కప్పు, దాని మీద నీళ్ళ ట్యాంకు.

"పైనుంచి అమ్మవారు బాగా కనపడతారండీ వదినగారూ" అన్నాడు. "ఈ జాతరకి మొదటి ట్రిప్పు మన ఇంట్లోవాళ్ళకే. అమ్మకి పైన ముందు సీటు."

"ఎడంపక్క కిటికీ సీటు నాది" అన్నారు అత్తయ్యగారు. ఎనభై దాటిన మనిషి, ఆ మెట్లు ఎక్కి సీటు చూసుకుని దిగారు కూడా.

సూరిబాబు పడవ అంచు మీద కాలు పెట్టి ఊపాడు. పడవ నెమ్మదిగా అటు వెళ్ళింది, కాసేపు అక్కడే ఆగింది, నెమ్మదిగా ఇటు వచ్చింది. "చూడండి, ఎంత మెత్తగా ఊగుతుందో. ఉయ్యాలలా ఉంటదండీ. ముసలోళ్ళక్కూడా కళ్ళు తిరగవు."

గ్రేస్, ఇది అండర్‌లైన్ చేసుకో. మెత్తగా ఊగే పడవని ఎప్పుడూ నమ్మకు. తిరిగి లేచే బలం ఉన్న పడవ విసురుగా లేస్తుంది, దానిలో కూర్చుంటే నడుం నొప్పి వస్తుంది. బలం లేని పడవే హాయిగా, బద్ధకంగా ఊగుతుంది. లేవాలా వద్దా అని ఆలోచించుకుంటున్నట్టు ఆ పక్కనే ఆగుతుంది.

"సూరిబాబూ, ఈ పైఅంతస్తు తీసేయాలి" అన్నాను.

"అదేంటండీ! దానికోసమే కదండీ ఇదంతా."

"లాంచీకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉందా?"

"ఉందండీ."

"పైఅంతస్తుతోనా, లేకుండానా?"

అతను మావారి వైపు చూశాడు. సర్టిఫికెట్ ఇచ్చాకే పైది కట్టించాడు. "మళ్ళీ చూపిస్తానండీ. మీరొక్క మాట రాసిస్తే వాళ్ళు వెంటనే ఇచ్చేస్తారు. మీ సంతకం అంటే మాటలాండీ?"

"నేను రాయను. ఇది తిరగబడుతుంది."

"జనాన్ని కూర్చోబెడతామండీ. లేవనివ్వం. మనిషిని పెట్టి చెప్పిస్తాం."

"అమ్మవారు వస్తే మీ అమ్మగారు కూర్చుంటారా?"

జవాబు అత్తయ్యగారు చెప్పారు. "నేనెందుకు కూర్చుంటానమ్మా? తల్లి వస్తుంటే కూర్చుంటారా ఎవరన్నా?" ఆ మాట ఎటు తేలుతుందో అప్పుడే ఆవిడకి తట్టింది, ముఖం మారిపోయింది. "అంటే ఏమ్మా కామేశ్వరీ, వాడు ముచ్చటపడి కట్టుకుంటే మునిగిపోద్దంటావేంటి? సముద్రాల మీద ఓడలు చూసినదానివి, మా పడవ నీకు ఆనదులే."

ఆవిడ నాతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. మావారు ఏదో అనబోయారు, నేను వద్దన్నాను. నాకు ఆ ఎడమపక్క సీటులో అత్తయ్యగారు కనిపించలేదు, ఫోటోలో తప్ప ఎన్నడూ చూడని మా సీత పిన్ని కనిపించింది.

"సరే, పరీక్ష పెడదాం" అన్నాను. "నిలబడితే జాతర రోజున పైన మొదటి సీటు నాది, కాగితం మీద సంతకం కూడా నాదే. నిలబడకపోతే పైఅంతస్తు నువ్వే కోయించాలి."

సూరిబాబు నవ్వేశాడు. తన పడవ మీద అంత నమ్మకం. "అలాగేనండీ. కాసుకోండి."

ఉల్లిపాయలు

ఇంజను ఇంకా బిగించలేదు కాబట్టి దాని చోట ఇసుక మూటలు పెట్టించాను. మొలలోతు నీళ్ళున్న చోట, అడుగున మెత్తటి బురద ఉన్న చోట లాంచీని గట్టుకి వారగా నిలిపాం. మనుషుల బదులు పెట్టడానికి సూరిబాబు గూడెం నుంచి లారీలో ఉల్లిపాయల మూటలు తెప్పించాడు. మార్కెట్ యార్డులో మూటలు మోసే ముఠావాళ్ళు కూడా వచ్చారు.

కింద సీట్ల మీదా, పైన సీట్ల మీదా మూటలు పెట్టించాను. తూకం గుండు వేలాడదీశాం, గుండు ఊరికే ఊగకుండా బకెట్ నీళ్ళలో మునిగేలా. కింద ఉన్న కొన్ని మూటల్ని అటూ ఇటూ మార్పించి కొలిచాను. లెక్క నేను భయపడ్డట్టే వచ్చింది. కాగితం సూరిబాబుకి చూపించాను.

"ఈ లెక్కలు నాకేం తెలుస్తాయండీ" అన్నాడు. "పడవైతే నిలబడింది కదండీ."

మీకు ఇదే ఎదురవుతుంది. మీ లెక్క సరైనదే కావచ్చు, అవతలివాడు చెడ్డవాడు కాకపోవచ్చు, అయినా ఆ కాగితం వాడికి ఏమీ చెప్పదు. కోపం తెచ్చుకోకండి. లెక్కని కంటికి కనిపించేలా చేయడం కూడా మీ ఉద్యోగంలో భాగమే.

"నిలబడింది, ఎందుకంటే ఇది జనం కూర్చున్నప్పుడు" అన్నాను. "ఇప్పుడు అమ్మవారు వస్తుంది."

పైఅంతస్తులో మధ్యనున్న సీట్లు విప్పించి, టార్పాలిన్ పరిపించి, మూటల్ని దాని మీద సర్దించాను. ఎడమ కిటికీ దగ్గర మొదటి సీటు మాత్రం అలాగే ఉంచి, దాని మీద ఒక మూట పెట్టించాను. టార్పాలిన్‌కి కట్టిన తాడు గట్టు మీదికి తెచ్చాం. ముఠావాళ్ళని దింపేశాను. పడవలో ఇప్పుడు మనిషన్నవాడు లేడు. అత్తయ్యగారికి గట్టు మీద కుర్చీ వేశాం.

"ఆ సీటు మీద మూట ఎవరిది?" అన్నారు ఆవిడ.

"మీదేనండీ అత్తయ్యగారూ" అన్నాను.

ముఠావాళ్ళు తాడు లాగారు. మూటలు టార్పాలిన్‌తో సహా జారి గట్టువైపు, అంటే ఎడమపక్కకి చేరాయి. పడవ ఒరిగింది.

"తాడుతో లాగితే ఒరగదాండీ ఏదైనా!" అన్నాడు సూరిబాబు.

"తాడు వదిలేయండి" అన్నాను.

వదిలేశారు. తాడు నీళ్ళలో పడింది. పడవని ఇప్పుడు ఎవరూ లాగడం లేదు. అది ఒరిగిన చోటే ఆగింది. సూరిబాబు ముఖంలో నవ్వు రాబోయింది. అదే ఆగడం, ఆ రోజు అతను ఉయ్యాల అన్నదే. తరువాత చాలా నెమ్మదిగా, ఎవరికీ ఏ తొందరా లేనట్టు, ఇంకాస్త ఒరిగింది. అంచు నీళ్ళని తాకింది. నీళ్ళు లోపలికి అడుగుపెట్టాక ఇక నెమ్మది లేదు. పైఅంతస్తు మొత్తం మా వైపుకి వాలిపోయి, రేకు కప్పు గట్టుకి కొట్టుకుని పెద్ద చప్పుడయింది. ట్యాంకు ఊడి పడింది. మూటలు ఒకదాని మీద ఒకటి నీళ్ళలోకి దొర్లాయి. కొన్ని చినిగి ఉల్లిపాయలు ఎర్రగా ఏరంతా పరుచుకున్నాయి.

ముఠావాళ్ళు తలపాగాలు తీసి నిలబడిపోయారు.

అత్తయ్యగారు కుర్చీలోంచి లేచారు. గట్టు అంచుదాకా వచ్చి, తన సీటున్న చోటు వెతికారు. అది నీళ్ళ కింద ఉంది. దాని పైన ఉల్లిపాయలు తేలుతున్నాయి.

"ఉల్లిపాయలు కాబట్టి తేలాయి" అన్నారు ఆవిడ. తరువాత కొడుకు వైపు తిరిగి, "కోసెయ్ రా" అన్నారు.

సూరిబాబు గట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "మా పిల్లలు కూడా పైనే కూర్చుంటామన్నారండీ వదినగారూ" అన్నాడు. నేను గెలిచినందుకు సంతోషించాలి. వృత్తిలో చాలాసార్లు గెలిచాను, ఎప్పుడూ సంతోషించాను. ఆ రోజు మాత్రం వెళ్ళి అతని పక్కన కూర్చున్నాను, అంతే.

రెయిలింగు

మర్నాడే లాంచీని పైకి లాగి గ్యాసు కట్టరుతో పైఅంతస్తు కోసేశారు. సూరిబాబే దగ్గరుండి కోయించాడు. కొత్త డ్రాయింగు నేనే గీసి, అడుగున ఇనప దిమ్మలు వేయించి, సీట్లు కిందకి దించి, ఎందరెక్కవచ్చో రాయించాను. పక్కలకి నడుమెత్తు రెయిలింగు పెట్టించాను, ఎందుకంటే ఆ లాంచీలో జనం కూర్చుంటారని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. లేస్తారు, ఒకే పక్కకి వస్తారు అనుకునే లెక్క వేశాను. ఆచారాన్ని ఆపమని చెప్పడం మన పని కాదు. ఆచారం వచ్చినా నిలబడే పడవని ఇవ్వడం మన పని. ముఠావాళ్ళకి లైఫ్ జాకెట్లు వేయించి ఎక్కించి "ఫోటో!" అని అరిచాను. నరసింహంగారు గుర్తొచ్చారు. లాంచీ ఒరిగి, విసురుగా లేచింది. "అమ్మో, నడుం విరిగిందండీ" అన్నాడు ఒకతను. ఆ మాట నాకు సర్టిఫికెట్ కన్నా ఎక్కువ. సర్టిఫికెట్ కూడా కొత్తగా తెప్పించాకే లాంచీ కదిలింది.

ఫాల్గుణంలో మొదటి ట్రిప్పు అనుకున్నట్టే మా ఇంట్లోవాళ్ళదీ, మా వీధివాళ్ళదీ. గ్రేస్ కూడా వచ్చింది, చర్చికి వెళ్ళొచ్చి లైఫ్ జాకెట్ వేసుకుని. నేను కుడిపక్కన కూర్చున్నాను. ఎందుకు కుడిపక్క అంటే కారణం చెప్పలేను, కాళ్ళు అటు వెళ్ళాయి.

బాజాలు వినిపించాయి. నీళ్ళ మీద పరుచుకున్న గుర్రపుడెక్క పక్కనుంచి అమ్మవారి పడవ మలుపు తిరిగింది, మాకు ఎడమపక్కన. "కూర్చోండి, కూర్చోండి" అని సూరిబాబు అరిచాడు. ఎవరూ కూర్చోలేదు. అందరికన్నా ముందు లేచింది అత్తయ్యగారే. మావారు లేచారు, పిల్లలు లేచారు, గ్రేస్ ఫోను పట్టుకుని లేచింది. లాంచీ అటు ఒరిగింది, నేను లెక్క వేసినంతే ఒరిగి ఆగింది.

నేను లేవలేదు. కుడిపక్క సీటు అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. కళ్ళ ముందు చీరల కుచ్చిళ్ళు, ప్యాంట్ల అంచులు, తడి పాదాలు. విశాఖలో ప్రతి పడవకీ రెయిలింగు పక్కన ముందు నిలబడినదాన్ని, ఇక్కడ నా భుజాల మీద మా అమ్మ చేతులున్నట్టే ఉంది.

అత్తయ్యగారు పసుపు పొట్లం చేతిలో పట్టుకుని వెనక్కి తిరిగి చూశారు. "అదేంటమ్మా, అక్కడే కూర్చున్నావు? రా."

"పర్లేదండీ. ఇక్కణ్ణుంచే పెట్టుకుంటానండీ దణ్ణం."

ఆవిడ అడిగారు. "ఏం, ఈ పడవ గీసింది నువ్వు కాదా?"

నేను లేచాను. ఒరిగిన నేల మీద నాలుగడుగులు దిగువకి నడిచి రెయిలింగు దగ్గరికి వెళ్ళాను. అత్తయ్యగారు పక్కకి జరిగి చోటిచ్చి, నా చేతిలో కాస్త పసుపూ ఒక రూపాయీ పెట్టారు. పూలదండల మధ్య అమ్మవారు నేను అనుకున్నంత పెద్దగా లేదు. చిన్న ముఖం, పెద్ద కళ్ళు, మా అమ్మాయి చిన్నప్పటిలా ముక్కుకి ముత్యం. సీత పిన్ని పేరు చెప్పుకుని రూపాయి నీళ్ళలో వేశాను. పడవ మా అందరినీ మోస్తూ అలాగే నిలబడి ఉంది.